కోళ్ళకి తెలిసిన కోటు

అన్సెల్మ్ ఇల్లు అమ్మకానికి పెట్టాక అది రెండో శీతాకాలం. కొనేవాళ్ళు రాక కాదు. వచ్చినవాళ్ళెవరూ ఆయనకి నచ్చక.

ఇంటికి వంక పెట్టడానికేమీ లేదు. రాతిగోడలు, నల్ల పలకల కప్పు, వంటింట్లో మనిషి నిలబడేంత పొయ్యి, వెనక నాలుగు ఆపిల్ చెట్లు. ఆ చెట్లు దాటితే పొడుగాటి కోళ్ళషెడ్డు. చిక్కంతా దానితోనే. ఇల్లు చూసి మురిసిపోయినవాళ్ళు షెడ్డు దగ్గరికొచ్చేసరికి తలో మాటా అనేవారు. టూర్ పట్నం నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు అందులో తన పాత కార్లు పెట్టుకుంటానన్నాడు. ఇంగ్లండు జంట ఒకటి షెడ్డు పీకించి ఈతకొలను తవ్విస్తామంది. ఇంకొకావిడ షెడ్డు జోలికే పోలేదు గానీ, పక్కింటివాళ్ళ పుంజు పొద్దున్నే కూయకుండా ఏమైనా చేయగలరా అని అడిగింది.

అందరికీ అన్సెల్మ్ ఒకటే మాట చెప్పాడు. "చూద్దాం."

సార్త్ నది పక్క పల్లెల్లో చూద్దాం అంటే కుదరదని. బయటివాళ్ళకది తెలియదు. పళ్ళ డాక్టరు పాపం చాలాకాలం ఫోను పక్కనే కూర్చున్నాడట.

ఆదివారం భోజనానికి అన్సెల్మ్ వాళ్ళ అక్క క్లోటిల్డ్ వచ్చేది. చర్చి పక్కన ఆమెకో ఇల్లుంది. అందులో కింది గది తమ్ముడికోసం ఖాళీ చేయించి, కిటికీకి కొత్త తెరలు కూడా కుట్టి పెట్టింది. ఆ తెరలు కుట్టి ఏడాది దాటింది. పక్కపొలం ఫుల్జాన్స్ కూడా కాఫీ వేళకి వచ్చేవాడు. అతనికి పిలుపు అక్కర్లేదు, కాఫీ వాసన చాలు.

"ఏమోయ్ అన్సెల్మ్," అనేవాడు ఫుల్జాన్స్ కుర్చీ లాక్కుంటూ, "ఇల్లు అమ్ముతున్నావా, షెడ్డుకి సంబంధాలు చూస్తున్నావా?"

"అడక్కు నాయనా," అనేది క్లోటిల్డ్. "తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ ఉండేదట చూడు, మావాడు ఆవిడ మనవడే."

అన్సెల్మ్ రొట్టె కోసి, మీద పందిమాంసం ముద్ద రాసి, ఇద్దరి ముందూ పెట్టేవాడు. ఆయన జవాబు అదే.

కానీ ఆ శీతాకాలం చూద్దాం అనడానికి వీల్లేకుండా పోయింది. మోకాలు పాడైంది. ఈస్టరు తరవాత కోసి బాగుచేస్తాం, ఆ తరవాత కోళ్ళు అన్న మాట ఎత్తొద్దు అని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. కోడిపిల్లల్ని పంపే కంపెనీవాళ్ళు కూడా మర్యాదగానే చెప్పారు: ఈ బ్యాచ్ కోళ్ళు పెరిగి వెళ్ళేలోపు షెడ్డు చూసుకునేవాళ్ళు ఖాయం కాకపోతే, మీ వంతు వేరే ఊరికి ఇచ్చేస్తాం. ఒకసారి ఇచ్చేశాక తిరిగి రాదు. అన్సెల్మ్ అలాంటి షెడ్లు చూశాడు. ముందు ఎలుకలొస్తాయి. తరవాత ముళ్ళతీగలొస్తాయి. ఆ తరవాత ఊళ్ళో పిల్లలు రాళ్ళు విసిరి రేకులు పగలగొడతారు.

అది ఆయనొక్కడి సంగతీ కాదు. ఆ పక్క కోళ్ళు పెంచే ఇళ్ళు నాలుగు. ఎవరింటికి కోడిపిల్లలు దిగినా నాలుగిళ్ళవాళ్ళూ వెళ్ళాలి. లారీ నుంచి షెడ్డుదాకా వరసగా నిలబడి పెట్టెలు చేతులు మార్చాలి. పిల్లల్ని చలిలో ఎక్కువసేపు ఉంచకూడదు కదా. పని అయ్యాక ఆ ఇంటివాళ్ళు భోజనం పెట్టాలి. కూలి మాట ఎవరూ ఎత్తరు, కానీ భోజనం బాగోకపోతే మళ్ళీ పదేళ్ళు ఎత్తుతారు. నాలుగిళ్ళలో ఒకటి పోతే మంచానికి ఒక కోడు విరిగినట్టే. ఫుల్జాన్స్ వేళాకోళాల కింద ఉన్న భయం అదే. అతను పైకి అనడు, అన్సెల్మ్ అడగడు.

సిదోనీ, గీలెమ్ అనే జంట మొదటిసారి వచ్చింది శరత్కాలంలో, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. ఒక బ్యాచ్ వెళ్ళి మరొకటి వచ్చేలోపు కొన్ని వారాలు షెడ్డుని ఖాళీగా ఉంచుతారు. కడిగి, సున్నం కొట్టి, తలుపులు బార్లా తీసి ఆరబెడతారు. అప్పుడది చర్చి కన్నా శుభ్రంగా ఉంటుంది. ఇళ్ళ బేరాలు చూసే అమ్మాయికి ఆ కిటుకు తెలుసు. అన్సెల్మ్ ఇల్లు చూపించాలంటే ఆ వారాల్లోనే తీసుకొచ్చేది.

వాళ్ళిద్దరూ పారిస్ శివారు నుంచి వచ్చారు. గీలెమ్ టెలిఫోను తీగలు వేసే పని చేస్తాడు, పొడుగ్గా, నవ్వుమొహంగా ఉంటాడు. సిదోనీ పసిపిల్లల్ని చూసుకునే బడిలో పనిచేస్తుంది. గీలెమ్ వస్తూనే పలకరింపుగా అన్సెల్మ్‌కి రెండు బుగ్గలూ ఆనించి వెనక్కి తగ్గాడు. ఆ ఊళ్ళో నాలుగుసార్లు ఆనించాలి. మూడోదానికి చాచిన అన్సెల్మ్ మొహం అలా గాల్లో ఉండిపోయింది.

షెడ్డు చూసి గీలెమ్ చప్పట్లు కొట్టాడు, ప్రతిధ్వని వస్తుందేమోనని. సిదోనీ గోడమీద సున్నాన్ని వేలితో తాకింది.

"కోళ్ళని మేమూ కొనసాగిస్తాం," అంది.

బేరాల అమ్మాయి ఆనందంతో కళ్ళు మూసుకుంది. రెండేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు వీళ్ళే.

అన్సెల్మ్ మాత్రం గుమ్మంలో అటూ ఇటూ చూసి, "ఫిబ్రవరిలో రండి," అన్నాడు. కాసేపాగి, "వాన పడుతున్నప్పుడు," అన్నాడు.

వాళ్ళు కారెక్కాక బేరాల అమ్మాయి తల పట్టుకుంది. "అన్సెల్మ్ గారూ, ఫిబ్రవరికి కోళ్ళు పెద్దవైపోతాయి! వానకి బయటికి పోకుండా అన్నీ లోపలే ఉంటాయి! ఇల్లు అమ్మేవాళ్ళు, చూడ్డానికొచ్చే ముందు కేకు కాల్చి పెడతారండీ, గుమ్మంలోకి రాగానే కమ్మటి వాసన రావాలని!"

"వాసన వస్తుంది," అన్నాడు అన్సెల్మ్.

ఆయన లెక్క ఆయనది. ఖాళీ పందిరి చూసి పెళ్ళి బాగుందంటే ఎలా? అడుగు తడిసి, కళ్ళు మండి, నాలుగు వేల పైచిలుకు గొంతులు ఒక్కసారి లేచినప్పుడు కూడా ఆ మనిషి అదే మాట అంటే అప్పుడు అమ్ముదాం.

ఫిబ్రవరిలో వాళ్ళు వచ్చారు. వాన కూడా, చెప్పి పంపినట్టే వచ్చింది. వానతోపాటు పడమటి గాలి. ఆ వాసనని ఇంటిముందు మలుపు దగ్గరే పట్టుకోవచ్చు. గీలెమ్ కారు దిగి గట్టిగా ఊపిరి పీల్చి, "ఆహా, పల్లెగాలి!" అన్నాడు. ఆ తరవాత చాలాసేపు నోటితోనే ఊపిరి తీసుకున్నాడు. ఈసారి బుగ్గలు మాత్రం నాలుగుసార్లు ఆనించాడు. ఎవరో చెప్పి ఉంటారు.

సిదోనీ వానకోటు వేసుకొచ్చింది. చేతుల్లేకుండా, గొడుగులా చుట్టూ విచ్చుకునే రకం. ఎర్రటి ఎరుపు. మంటలార్పే బండి రంగు.

అన్సెల్మ్ ఆ కోటు చూశాడు. పక్కింటి పనేదో ఉన్నట్టు వచ్చి నిలబడ్డ ఫుల్జాన్స్ కూడా చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంటికొచ్చిన ఆడమనిషి బట్టల గురించి మగవాడు నోరెత్తకూడదని ఇద్దరికీ వాళ్ళ అమ్మలు నేర్పారు. పైగా అన్సెల్మ్ అనుకున్నాడు, ఎవరింటికెళ్ళినా తడికోటు గుమ్మం దగ్గర విప్పుతారు కదా, ఈవిడా విప్పుతుందిలే అని. షెడ్డు కూడా ఇల్లేనన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదన్నది ఆయనకి తోచలేదు.

షెడ్డు తలుపు దగ్గర అన్సెల్మ్ ఆగి, చేతికర్రతో చెక్కమీద మూడుసార్లు తట్టాడు. ఒకసారి దగ్గాడు. కాసేపు ఆగాడు.

గీలెమ్‌కి నవ్వొచ్చింది. "కోళ్ళ దగ్గరికెళ్ళడానికి కూడా తలుపు కొట్టాలా?"

"మీ ఆవిడ గదిలోకి నువ్వు కొట్టకుండా వెళ్తావా?" అన్నాడు ఫుల్జాన్స్.

"మా ఇంట్లో ఒకటే గది అండీ."

"మరి అందుకే ఇల్లు కొంటున్నావన్నమాట."

తలుపు తెరుచుకుంది. మెడమీద ఈకల్లేని ఎర్ర కోళ్ళు గోడనుంచి గోడదాకా నేల కనపడకుండా ఉన్నాయి. అన్సెల్మ్ నీలం పనికోటు చూసి ముందువరస కాళ్ళ దగ్గరికొచ్చింది. మూల రేడియోలో ఎవరో బంగాళాదుంపల ధర చెబుతున్నారు. అంతా రోజూలాగే ఉంది.

అన్సెల్మ్ వెనకే సిదోనీ లోపలికి అడుగుపెట్టింది. కోటు విప్పలేదు. సరిగ్గా అప్పుడే తెరిచిన తలుపులోంచి గాలి దూరి, ఆ ఎర్రకోటుని రెండువైపులా రెక్కల్లా ఎత్తింది.

తాము కూడా ఎర్రగానే ఉన్నామన్న సంగతి కోళ్ళకి తెలియదు. వాటికి కనపడింది మనిషంత డేగ. రేడియో గొంతు వినపడకుండా పోయింది. షెడ్డు నేల మొత్తం చాప చుట్టినట్టు అవతలి మూలకి చుట్టుకుపోయింది. మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, వాటిమీద మరికొన్ని ఎక్కాయి. కుప్ప నడుమెత్తు అయింది. కోళ్ళు పెంచేవాళ్ళకి ఇంతకన్నా భయం లేదు. అడుగున పడ్డవాటికి ఊపిరాడదు.

అన్సెల్మ్ పరుగెత్తబోయాడు. మోకాలు ఒప్పుకోలేదు, గోడ పట్టుకున్నాడు. అరవకూడదు, అరిస్తే ఇంకా తొక్కుకుంటాయి.

"కోటు," అన్నాడు.

సిదోనీ ఒక్కసారి ఆయన్నీ, ఆ కుప్పనీ చూసింది. మెడ దగ్గర బొత్తాం తెంచి, కోటుని వెనక వానలోకి విసిరేసింది. అన్సెల్మ్ తన నీలం కోటు ఊడదీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని తొడుక్కుంటూనే నడిచింది, పరుగెత్తలేదు. కాళ్ళు ఎత్తకుండా, నేలమీద ఈడుస్తూ, చిన్న గొంతుతో ఏదో అంటూ నడిచింది. "ఏమీ లేదు, ఏమీ లేదు, అయిపోయింది, ఎవరూ ఏడవకూడదు..." పిల్లల బడిలో ఒకడు ఏడుపు అందుకుంటే అందరూ అందుకుంటారు. అక్కడ అరిచి లాభం లేదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కుప్ప దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, పైనున్నవాటిని రెండు చేతులతో ఎత్తి వెనక్కి వదలడం మొదలుపెట్టింది. ఫుల్జాన్స్ గోడవారగా వెళ్ళి రెండోవైపు నుంచి అందుకున్నాడు. గీలెమ్ తలుపు మూసి, దాన్ని వీపుతో నొక్కిపట్టుకుని నిలబడ్డాడు, అది ఎగిరిపోతుందేమోనన్నట్టు.

కాసేపటికి మళ్ళీ బంగాళాదుంపల ధర వినపడింది. అడుగున ఓ పది పన్నెండు కదల్లేదు.

వంటింట్లో ఎవరూ కాఫీ తాగలేదు. సిదోనీ జుట్టులో ఈకలున్నాయి.

"ఎందుకు చెప్పలేదండీ?" అంది. "నా కోటు చూశారు కదా. ఆ కారు దగ్గరే చూశారు."

అన్సెల్మ్ బల్లమీద పరిచిన గుడ్డ గీతని వేలితో రుద్దాడు. "విప్పుతారనుకున్నాను."

"నాకెలా తెలుస్తుంది?"

"అడగలేదు కదా," అన్నాడు ఫుల్జాన్స్ సాయం చేస్తున్నాననుకుని. "అడగందే అమ్మయినా పెట్టదు కదమ్మా."

"ఏమని అడగాలి? ఏ రంగు కోటుకి మీ కోళ్ళు చస్తాయండీ అని అడగాలా?"

గీలెమ్ లేచి మెల్లిగా ఆవిడ భుజంమీద చెయ్యి వేశాడు. "ఇది మావల్ల అయ్యే పని కాదేమోనండీ," అన్నాడు అన్సెల్మ్‌తో. ఈసారి ఎన్నిసార్లు బుగ్గలు ఆనించాలో ఎవరికీ గుర్తు రాలేదు. కారు మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం క్లోటిల్డ్‌కి ఫుల్జాన్స్ అంతా చెప్పేశాడు. ఆవిడ తమ్ముడింటికొచ్చి, తలమీది గుడ్డ కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఒరేయ్, ఇన్నేళ్ళు పెళ్ళి లేకుండా ఎందుకున్నావో ఇప్పుడు తెలిసింది. వచ్చినదానికి నచ్చానని చెప్పి ఉండవు. అది అడిగి ఉండదు."

"అక్కా."

"ఏం అక్కా? 'అమ్మా, కోటు విప్పండి.' మూడు మాటలు. మూడంటే మూడు. వాటిని దాచుకుని ఏం చేసుకుంటావు, శవపెట్టెలో పెట్టించుకుంటావా?"

అన్సెల్మ్ మెతుకు ముట్టలేదు. చచ్చిన కోళ్ళ కోసం కాదు, అలాంటివి ఆ బతుకులో చూశాడు. "ఎవరూ ఏడవకూడదు" అంటూ కుప్ప దగ్గర కూర్చున్న మనిషే కళ్ళముందు కదులుతోంది. రెండేళ్ళుగా షెడ్డుకి వెతుకుతున్న మనిషి గుమ్మందాకా వచ్చింది, తనే నోరు మూసుకుని పంపించేశాడు.

మర్నాడు పొద్దున్న షెడ్డుకి వెళ్దామని చూస్తే, తలుపు వెనక మేకుకి నీలం కోటు లేదు. అది సిదోనీ వంటిమీదే వెళ్ళిపోయింది. ఎవరూ గమనించలేదు.

అన్సెల్మ్ ఆదివారం వేసుకునే గోధుమరంగు కోటు తొడుక్కున్నాడు. మూడుసార్లు తట్టాడు. దగ్గాడు. ఆగాడు. తలుపు తీశాడు.

కోళ్ళు ఆయన్ని చూసి పారిపోయాయి.

నిన్నటంత ఘోరంగా కాదు గానీ, గట్టిగానే. ముందువరస వెనక్కి తగ్గి, మెడలు సాచి, ఎవడు వీడు అన్నట్టు చూసింది. అన్సెల్మ్ ఒక అడుగు వేశాడు. అవి రెండు వేశాయి. "నేనే," అన్నాడు. ఆ మాట వాటికి కొత్త. అక్కడ ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు కదా.

ముప్పై ఏళ్ళుగా ప్రతి బ్యాచ్ తన కాళ్ళ చుట్టూ చేరితే, కోళ్ళు తనని గుర్తుపడతాయనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు గానీ, లోపల్లోపల ఆ సంగతి ఒక పతకంలా దాచుకున్నాడు. వాటికి తెలిసింది ఒక నీలంగుడ్డ మాత్రమే. లోపల ఎవరున్నా వాటికి పట్టింపు లేదు.

కంచె అవతల నుంచి ఫుల్జాన్స్ అంతా చూశాడు. నవ్వు ఆపుకోవడానికి కంచె గుంజని పట్టుకున్నాడు. "ఏమోయ్! ఈ లెక్కన కోటుని అమ్మకానికి పెట్టాల్సింది, ఇంటిని కాదు!"

అన్సెల్మ్ లోపలికొచ్చి, గోడకున్న ఫోను ముందు నిలబడ్డాడు. ఆ ఫోనులో ఆయన ఎప్పుడూ దాణా చెప్పడానికి తప్ప మాట్లాడలేదు. బేరాల అమ్మాయి ఇచ్చిన కాగితం చూసి నొక్కాడు.

"అలో?" అంది సిదోనీ.

"నేను," అన్నాడు.

గొంతు పోల్చుకుని ఆవిడే అంది, "అన్సెల్మ్ గారా? అయ్యో, మీ కోటు! దారి మధ్యలో చూసుకున్నాం. ఇవాళే పోస్టులో పంపిస్తాను."

"వద్దు."

"మరి?"

ఆయన ఫోను తీగని వేలికి చుట్టుకున్నాడు. ఇలాంటి మాటలు ఎక్కడినుంచి తీయాలో ఆయనకి తెలియదు. లోతు బావిలోంచి చేదినట్టు ఒక్కొక్కటే తీశాడు.

"కోళ్ళు నన్ను చూసి పారిపోతున్నాయి."

అటునుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకుని అన్సెల్మ్ భయపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది.

"మీరు చెప్పాలి," అన్నాడు ఆయన. "కాదు. నేను చెప్పాలి. కోటు సంగతి నేను చెప్పి ఉండాల్సింది. ఎరుపు పనికిరాదు. గాలికి ఎగిరేదేదీ పనికిరాదు. గొడుగు కూడా. నిన్న మీరు చేసింది..." అక్కడ బావి ఎండిపోయింది. "నావల్ల అయ్యేది కాదు," అన్నాడు చివరికి. "కోటు మీరే తీసుకురండి."

శనివారం వాళ్ళు వచ్చారు. సిదోనీ కారులోంచి నీలం కోటుతోనే దిగింది. తలుపు దగ్గర ఆగి మూడుసార్లు తట్టింది. దగ్గు రాలేదు కాబట్టి, "నమస్తే అమ్మాయిలూ," అంది. లోపలికి వెళ్ళింది. వరసలు వరసలుగా కోళ్ళు వచ్చి ఆవిడ బూట్లు పొడవసాగాయి. ఆదివారపు కోటుతో అన్సెల్మ్ బయటే నిలబడి, తలుపు సందులోంచి తన షెడ్డుని తనే తొంగిచూశాడు. వాసన ఘాటుగానే ఉంది. గీలెమ్ ఆయన పక్కన నోటితో ఊపిరి తీస్తున్నాడు.

"ఈ వాసనకి అలవాటు పడతామా అండీ?" అని అడిగాడు.

పాత అన్సెల్మ్ అయితే చూద్దాం అనేవాడు. "పడరు," అన్నాడు. "ముక్కే వాసన చూడ్డం మానేస్తుంది."

సిదోనీ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాసన ఘాటుకి. "తీసుకుంటాం," అంది. "కానీ ఒక షరతు."

అన్సెల్మ్ ధర తగ్గించమంటుందనుకుని, తగ్గించడానికి సిద్ధపడిపోయాడు.

"అడక్కపోయినా చెప్పాలి. అన్నీ."

అన్సెల్మ్ తల ఊపాడు. ఆ ఊళ్ళో తల ఊపడమంటే విన్నానని, సరేనని కాదు. ఆవిడ కదల్లేదు. ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"సరే," అన్నాడు. ఆ మాట ఫుల్జాన్స్ కూడా విన్నాడు. తరవాత సంతలో అందరికీ చెప్పాడు గానీ ఎవరూ నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని అన్సెల్మ్ మొదలుపెట్టాడు. దక్షిణపు తలుపు ముందు తెరవాలి, ఉత్తరపుది తరవాత. ఉరుములు వచ్చేముందు రేడియో పెంచాలి. నీళ్ళగొట్టం మూడో వంపు దగ్గర డిసెంబరులో గడ్డకడుతుంది, పాత ఉన్నిచొక్కా చుట్టాలి, చొక్కా అటకమీద ఉంది. నక్క పొలంవైపు నుంచి రాదు, రోడ్డువైపు నుంచి వస్తుంది, దానికి సిగ్గులేదు. పొయ్యి తూర్పుగాలికి పొగ కక్కుతుంది, అప్పుడు కిటికీ కాదు, నేలమాళిగ తలుపు తీయాలి. ఫుల్జాన్స్‌కి రెండో గ్లాసు పోయకూడదు, పాడతాడు. ముప్పై ఏళ్ళ మాటలు ఒక్కసారి గట్టు తెంచుకున్నాయి. కాఫీ రెండుసార్లు చల్లారింది. గీలెమ్ బల్లమీద తల ఆన్చి నిద్రపోయాడు. క్లోటిల్డ్ గుమ్మంలో ఆగి విని, లోపల ఎవరో చుట్టాలొచ్చారనుకుని వెనక్కి వెళ్ళబోయింది.

నోటరీ దగ్గర సంతకాలయ్యాయి. కంపెనీవాళ్ళు వంతు ఈ ఊళ్ళోనే ఉంచారు. మోకాలు కోసి కుట్టారు. అన్సెల్మ్ అక్క కుట్టిన తెరల గదిలోకి మారాడు. ఆవిడ ఆయనకి కొత్త కోటు కొనిపెట్టింది. బూడిదరంగు, పెద్ద పెద్ద బొత్తాలు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు," అంది.

వేసవి మొదట్లో సిదోనీ వాళ్ళకి మొదటి బ్యాచ్ పిల్లలు దిగాయి. నాలుగిళ్ళవాళ్ళూ వచ్చారు. పెట్టెలు చేతులు మారాయి, గీలెమ్ వరసలో అందరికన్నా పొడుగు, పెట్టెలు ఎత్తుగా అందించాడు కాబట్టి అందరి నడుములూ నొప్పెట్టాయి, దానికి అతన్ని రోజంతా తిట్టారు. భోజనం బాగానే ఉంది. పంది తొడ కొంచెం గట్టిపడింది. ఫుల్జాన్స్ ఆ విషయం పదేళ్ళకి సరిపడా గుర్తుపెట్టుకున్నాడు. రెండో గ్లాసు అడిగాడు. సిదోనీ పోయలేదు. అతను అన్సెల్మ్ వైపు తిరిగి, "నమ్మకద్రోహి," అన్నాడు.

ఆ రోజు అన్సెల్మ్ ఇంకా కర్రలమీదే ఉన్నాడు. వరసలో నిలబడలేక, షెడ్డు లోపలికి వెళ్ళలేక, ఆపిల్ చెట్టుకింద కూర్చుని పెట్టెల్ని కళ్ళతోనే మోశాడు.

పిల్లలకి ఈకలు వచ్చి, మెడలు ఎర్రబడే వేళకి అన్సెల్మ్ ఒక్క కర్రతో నడవగలిగాడు. ఒక పొద్దున అక్కకి చెప్పకుండా నడుచుకుంటూ వెళ్ళాడు. ఇంటి తలుపు తీసే ఉంది, ఎవరూ లేరు. నేరుగా షెడ్డు దగ్గరికి పోయి మూడుసార్లు తట్టాడు. దగ్గాడు. చెయ్యి తలుపుమీద వేశాడు.

"అన్సెల్మ్ గారూ!"

ఆపిల్ చెట్లలోంచి సిదోనీ నీలం కోటుతో, చేతిలో బకెట్టుతో వస్తోంది. పరుగెత్తలేదు, పరుగు కన్నా కొంచెం తక్కువగా నడిచింది. వచ్చి తలుపుకీ ఆయనకీ మధ్య నిలబడింది.

"ఆ బూడిదరంగు కోటుతో లోపలికి వెళ్ళకండి," అంది. "ఆ బొత్తాలు ఎండకి మెరుస్తాయి. విప్పండి." బకెట్టు కింద పెట్టి, నడుంమీద చేతులు వేసుకుంది. "చూశారా? ఎంత తేలికో!"

అన్సెల్మ్ బొత్తాలు విప్పాడు. పెద్దవి కావడంతో కాసేపు పట్టింది. ఆవిడ నీలం కోటు తీసి ఆయన భుజాలమీద వేసింది. మోచేతి దగ్గర కొత్త మాసిక ఉంది. కుట్లు వంకరగా ఉన్నాయి. జేబులో పిల్లల మిఠాయి కాగితం. కోటుకి సబ్బువాసన వేస్తోంది, అది ఆయనకి బొత్తిగా నచ్చలేదు. ఆ మాట కూడా చెప్పాలా అని ఆలోచించాడు. అడక్కపోయినా అన్నీ చెప్పాలి కదా.

చెప్పాడు.

"సబ్బు వేసి ఉతకకూడదు."

"ఎందుకు, కోళ్ళు పారిపోతాయా?"

"కోళ్ళకేం కాదు," అన్నాడు అన్సెల్మ్. "నాకే."

సిదోనీ నవ్వి తలుపు తట్టి, పక్కకి తప్పుకుంది. "నమస్తే అమ్మాయిలూ," అంది ఆయన తరఫున. ఆయన లోపలికి వెళ్ళాడు. కోళ్ళు వచ్చాయి, రోజూ వచ్చే మనిషి దగ్గరికి వచ్చినట్టే.